ఆటలో అరటిపండు

ఆదివారం పదిన్నర. న్యూపోర్ట్.
అస్క్ నది ఆటుకి సగమై, ఒడ్డు బురద
ముదురు బెల్లంపాకంలా మెరుస్తోంది.
మూడో డివిజన్లో అట్టడుగు రెండు జట్లు.
ఎవరు గెలిచినా ఏ పేపర్లోనూ
ఒక్క గీత పడని ఆట.

రెఫరీని నేను.
వారమంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే మనిషిని.
తెనాలిలో ఖోఖో ఆడే రోజుల్లో
డ్రిల్లు మాస్టారి ఈల వింటే కాళ్ళు వాటంతటవే ఆగేవి.
ఇక్కడ నా ఈలకి ఇరవై రెండు జతల కాళ్ళు ఆగాలి.
ఆగవు.
"సార్" అనబోయి, సర్దుకుని,
"రెఫ్, కళ్ళద్దాలు మర్చిపోయావా?" అంటారు.
మర్చిపోలేదు. తుడుచుకోడానికి
ఒంటిమీద పొడిగుడ్డ అంటూ ఏదీ మిగల్లేదు.

డాక్ స్ట్రీట్ వాళ్ళు ఎనిమిది మందే వచ్చారు.
ఒకడికి నైట్ డ్యూటీ. ఒకడికి పాప పుట్టింది.
ఒకడు ఫోనెత్తడు.
ఏడుగురుంటే చాలు, ఆడొచ్చు అంటుంది రూలు.
ఎనిమిది మందిని పదకొండు మంది కొట్టడం
ఆటేనా అని రూలు అడగదు.

అప్పుడు అవతలి కెప్టెన్, ప్లంబర్ గెథిన్,
బెంచీ మీద ముడుచుకున్న పదిహేడేళ్ళ కార్విన్‌ని
జబ్బ పట్టి లేపి, గీత దాటించి,
"వీణ్ణి తీసుకోండి" అన్నాడు,
పక్కింటికి గిన్నెడు పంచదార బదులిచ్చినట్టు.
సెప్టెంబరు నుంచీ వాడు ఆడింది
మొత్తం కలిపి పదకొండు నిమిషాలు.

రూలు ప్రకారం కుదరదు.
అందరూ నావైపే చూస్తున్నారు.
మా వీధిలో చిన్నపిల్లల్ని కలుపుకునే పద్ధతొకటి గుర్తొచ్చింది:
ఉన్నట్టే, లేనట్టే.
పట్టుకున్నా ఔట్ కాదు, పరిగెత్తినా లెక్క కాదు.
దాన్ని వీళ్ళకెలా చెప్పాలో తోచక
"బనానా" అన్నాను.
ఎవరికీ అర్థం కాలేదు.
అందరూ ఒప్పేసుకున్నారు.

ఎర్రచొక్కా వాడికి దాదాపు మోకాళ్ళ దాకా వచ్చింది.
నంబరు పద్నాలుగు. ఫోనెత్తనివాడిది.

డెబ్బై నిమిషాల దాకా వాడు నిజంగానే అరటిపండు.
తర్వాత, బంతి ఓ నీటిగుంటలో ఆగిపోయింది.
దొర్లుతుందనుకుని అందరూ ముందుకి జారిపోయారు.
ఎప్పట్లాగే వెనకబడ్డవాడు కాబట్టి
వాడి కాలి ముందుంది బంతి.
తన్నాడు.

గోల్లో డిల్విన్. యాభై ఒకటి. బస్సు డ్రైవరు.
పొద్దున వాణ్ణి తన వ్యాన్లో ఎక్కించుకొచ్చినవాడు.
రెండు చేతులూ చాచాడు, బంతి కోసమో,
పడిపోకుండా ఉండటానికో.
టేపుతో అతికించిన వల కదిలింది.

కార్విన్ చేతులు సగం ఎత్తి ఆపేశాడు.
ఏ వైపు తిరిగి సంతోషించాలో తెలీలేదు.
ఎర్రచొక్కాలన్నీ మీద పడ్డాయి.
అవతలనుంచి ముందు గెథిన్ బూతు,
బూతు వెనక చప్పట్లు.
వలలోంచి బంతి తీస్తూ డిల్విన్ అన్నాడు,
"నువ్వు ఇంటికి నడిచి రా."

ఏడు – ఒకటి.

రాత్రి మేజోళ్ళు టబ్బులో నానేసి
రిపోర్టు ముందు కూచున్నాను.
ఎడమ గడిలో ఏడు గోళ్ళకీ పేర్లున్నాయి.
కుడి గడిలో ఎవరిని రాయను?
పేరు రాస్తే ఆట చెల్లదు.
రాయకపోతే గోల్ చెల్లదు.
టబ్బులో నీళ్ళు అస్క్ రంగుకి తిరిగేదాకా ఆలోచించి
పద్నాలుగు అని రాశాను.

బుధవారం లీగ్ సెక్రటరీ మెరియల్ ఫోన్ చేసింది.
"ఆ పద్నాలుగోవాడు
పోర్చుగల్లో ఎండ కాగుతున్నాడట కదా?"
"బాగా ఆడాడు" అన్నాను.
కాసేపు అటునుంచి ఏమీ వినిపించలేదు,
ఏదో కాగితం మడతపెట్టిన చప్పుడు తప్ప.

వచ్చే ఆదివారం నాకు వేరే మైదానం.
ఆ చొక్కా ఉతికి తిరిగిచ్చాడో,
ఇంకా వాడి మంచం కిందే ఉందో.